ఇలియడ్ ముందా, ఒడిస్సీ ముందా?

ప్రాచీన గ్రీకు కవి హోమర్ పేరు మీద రెండు మహాకావ్యాలున్నాయి: ట్రాయ్ యుద్ధం నేపథ్యంగా ఇలియడ్, ఆ యుద్ధం అయ్యాక ఒడిస్యూస్ తిరిగి తిరిగి ఇంటికి చేరే కథ ఒడిస్సీ. హోమర్‌ని చదవాలనుకునేవాళ్లకి చాలామంది ఇచ్చే సలహా: ముందు ఒడిస్సీ పట్టుకోండి, కథ పరుగెడుతుంది. నిజమే. ఒంటికన్ను రాక్షసుడు, మనుషుల్ని పందులుగా మార్చే మాయలాడి, పాటతో ప్రాణాలు తీసే సైరెన్లు అన్నీ అందులోనే ఉన్నాయి. నిడివి కూడా తక్కువే: సుమారు 12,100 పాదాలు. ఇలియడ్ 15,700 దాకా ఉంటుంది. అయినా నా ఓటు ఇలియడ్‌కే.

ట్రాయ్ నగరం మీద గ్రీకుల యుద్ధం మొత్తం ఇలియడ్‌లో ఉంటుందనుకుని తెరిస్తే మాత్రం నిరాశే. పదో ఏట కొన్ని వారాల ముచ్చట అది. గ్రీకులు దాక్కుని ట్రాయ్‌లోకి దూరిన చెక్క గుర్రం లేదు (అది ఒడిస్సీలో వస్తుంది), గ్రీకు వీరుడు అకిలీస్ చావూ లేదు. ఉన్నదల్లా అతని కోపం, దానికి బలైపోయినవాళ్లు. రెండో సర్గలో ఓడల జాబితా విసిగిస్తుంది. మొహమాటం లేకుండా దాటేయండి. ఆరో సర్గలో ఆగండి. ట్రాయ్ రాకుమారుడు హెక్టర్ తన కొడుకుని ఎత్తుకోబోతే, శిరస్త్రాణం మీద ఊగుతున్న గుర్రపు వెంట్రుకల కుచ్చు చూసి పసివాడు జడుసుకుని దాదిని కరుచుకుపోతాడు. తల్లీతండ్రీ నవ్వేస్తారు. దాన్ని తీసి నేలమీద పెట్టాకే హెక్టర్ వాణ్ణి ముద్దాడతాడు. భారత యుద్ధం వింటూ పెరిగిన మనకి ఇలియడ్‌లోని నరుకుళ్లు కొత్త కాదు, గుర్తుండిపోయేవి ఇలాంటివే.

తొమ్మిదో సర్గలో అకిలీస్ తన ముందున్న రెండు దారులు చెబుతాడు: ఇక్కడే పోరాడి చస్తే చెరగని కీర్తి, ఇంటికెళ్తే కీర్తి లేని దీర్ఘాయుష్షు. చివరికి కీర్తి దారే పడతాడు. ఒడిస్సీ పదకొండో సర్గలో, చచ్చాక, అతనే అంటాడు: చచ్చినవాళ్లందరినీ ఏలడం కన్నా భూమ్మీద ఓ పేదవాడి దగ్గర కూలికి ఉండటం నయమని. ఇలియడ్ చదవనివాళ్లకి ఇదొక మంచి డైలాగు, అంతే. చదివినవాళ్లకి ఆ కీర్తి లెక్కంతా తలకిందులవుతుంది. వరుస మార్చి చదివితే ఈ దెబ్బ తగలదు.

తర్వాతి కాలం మీద పట్టు చూస్తే ఒడిస్సీదే పైచేయి అనిపిస్తుంది. 1922లో ఐరిష్ రచయిత జేమ్స్ జాయిస్ 'యులిసిస్' నవలలో దాన్ని డబ్లిన్‌లో ఒక్కరోజు కథగా మలిచాడు. ఇలియడ్‌నేమో అలెగ్జాండర్ దిండు కింద పెట్టుకునేవాడని ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. గడుసువాడంటే రోమన్ కవి వర్జిల్: తన ఈనియడ్ కావ్యంలో మొదటి ఆరు సర్గలూ సంచారం, తర్వాతి ఆరూ యుద్ధం. రెండూ లాగేశాడు!

ఇంగ్లీషులో చదివేవాళ్లకి ఎమిలీ విల్సన్ అనువాదాలు సులువుగా సాగుతాయి. కాకపోతే ఆవిడ ఒడిస్సీని 2017లో తెచ్చి, ఇలియడ్‌ని 2023లో తెచ్చారు. నా సలహాకి పూర్తిగా రివర్స్.