ఆఫీసులో ఫైర్‌ఫాక్స్, ఏడేళ్ల వాడకం తర్వాత

2018లో చేరినప్పటి నుంచీ ఆఫీసులో నా బ్రౌజర్ ఫైర్‌ఫాక్సే. మా టీంలో ఇంకెవరూ దాని జోలికి రారు. నాకు ఒక విండోస్ ల్యాప్‌టాప్, టెస్టింగ్‌కి ఒక ఉబుంటు డెస్క్‌టాప్ ఉన్నాయి. సింక్ పెట్టుకున్నాక రెండింట్లోనూ అవే బుక్‌మార్కులు; ఇక్కడ తెరిచిన ట్యాబును అక్కడికి పంపేస్తాను.

మొదటి వారం మాత్రం చుక్కలు కనిపించాయి. ఏ సైటు తెరిచినా సర్టిఫికెట్ (సైటు అసలైనదేనని చెప్పే డిజిటల్ గుర్తింపు పత్రం) హెచ్చరికే. పక్క సీట్లో క్రోమ్ హాయిగా నడుస్తోంది. సంగతేమిటంటే, మా ఆఫీసు ప్రాక్సీ, అంటే మాకూ ఇంటర్నెట్‌కూ మధ్య ఉండే సర్వర్, ట్రాఫిక్‌ను విప్పి చూసి, కంపెనీ సొంత సర్టిఫికెట్‌తో మళ్లీ మూసి పంపుతుంది. ఆ సర్టిఫికెట్ ఉండేది విండోస్‌లో. ఫైర్‌ఫాక్స్ నమ్మేది తన సొంత జాబితాని. అబౌట్ కాన్ఫిగ్ అనే ఫైర్‌ఫాక్స్ లోపలి సెట్టింగుల పేజీలోకి వెళ్లి ‘ఎంటర్‌ప్రైజ్ రూట్స్’ సెట్టింగును ట్రూ చేశాక గొడవ వదిలింది. 2023 నవంబరులో వచ్చిన 120వ వెర్షన్ నుంచి విండోస్, మ్యాక్‌లలో ఇది దానంతటదే జరిగిపోతోంది. ఉబుంటులో నేను చేత్తోనే ఎక్కించుకున్నాను.

ఇంత తంటా పడి ఎందుకు వాడుతున్నానంటే, కంటైనర్ల కోసం. మల్టీ అకౌంట్ కంటైనర్స్ అనే ఎక్స్‌టెన్షన్ అది; ట్యాబులను వేర్వేరు అరల్లో పెట్టి, ఒక అరలోని లాగిన్ ఇంకో అరకి తెలియకుండా చూస్తుంది. ఒకే అప్లికేషన్‌లో అడ్మిన్‌గా ఒక ట్యాబులో, మామూలు యూజర్‌గా పక్క ట్యాబులో లాగిన్ అవుతాను. అడ్మిన్‌ది ఎర్ర గీత, యూజర్‌ది పచ్చ గీత. మావాళ్లు ఇందుకోసం ఇన్‌కాగ్నిటో విండోలు తెరిచి, మూసి, మళ్లీ లాగిన్ అవుతూ ఉంటారు. కుకీలు (లాగిన్‌ను గుర్తుంచుకోవడానికి సైట్లు బ్రౌజర్‌లో దాచే చిన్న సమాచారం) వేరుగా ఉంటాయి కానీ హిస్టరీ, దాచుకున్న పాస్‌వర్డ్‌లు అన్ని కంటైనర్లకూ ఉమ్మడే. అది గుర్తుంచుకోవాలి.

ఒక సోమవారం పొద్దున తెరిస్తే కంటైనర్లు మాయం. ఐటీవాళ్లు పాలసీ పెట్టి ఎక్స్‌టెన్షన్లన్నీ ఆపేశారట. టికెట్ వేసి, మేనేజర్ చేత అప్రూవ్ చేయించి, రెండు వారాలకు తిరిగి తెచ్చుకున్నాను. అదే పాలసీతో మమ్మల్ని ఈఎస్ఆర్‌కి, అంటే సంస్థల కోసం ఉన్న ఫైర్‌ఫాక్స్ రకానికి, మార్చారు. అందులో కొత్త ఫీచర్లు దాదాపు ఏడాదికోసారే వస్తాయి, సెక్యూరిటీ ప్యాచ్‌లు మాత్రం ఎప్పటికప్పుడు. ఆఫీసు మెషీనుకి అదే నయం. రిలీజు రోజున మెనూలు అటూ ఇటూ మారిపోవు.

మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో మాటిమాటికీ లాగిన్ అడుగుతుంటే, సెట్టింగ్స్‌లో విండోస్ సింగిల్ సైన్ ఆన్ (విండోస్‌లో చేసిన లాగిన్‌నే వాడుకోవడం) అని ఒక టిక్కు ఉంది, పెట్టేయండి.

మా టైమ్‌షీట్ పోర్టల్ మాత్రం ఫైర్‌ఫాక్స్ పేరు చూడగానే తలుపు వేసేస్తుంది. పోర్టల్ చేసినవాళ్లు ఎప్పుడో కోడ్‌లో రాసిన తనిఖీ అది. శుక్రవారం సాయంత్రం ఆ ఒక్కదానికీ ఎడ్జ్ తెరిచి, సబ్మిట్ కొట్టి మూసేస్తాను.