ఖిలా వరంగల్ – రామప్ప – గణపురం: రెండు రోజుల సైకిల్ దారి ఎలా ఉంది?

వరంగల్ నుంచి రామప్పకు పోయి, గణపురం కోటగుళ్లు చూసుకుని పరకాల మీదుగా తిరిగొచ్చే చుట్టు దాదాపు 140 కిలోమీటర్లు. పాత కట్టడాలు చూస్తూ పల్లెల గుండా సైకిల్ తొక్కాలనుకునేవాళ్లకు తెలంగాణలో మొదట చెప్పదగ్గ దారి ఇదే. అయితే 140 కిలోమీటర్లూ ఒకేలా ఉండవు. ములుగు దాటాక జంగాలపల్లి క్రాస్ దగ్గర హైవే వదిలింది మొదలు గణపురం దాటేదాకా ఉన్న పాతిక కిలోమీటర్ల ముక్క చాలా గొప్పది. దానికి అటూ ఇటూ ఉన్నది లారీల రోడ్డు, జాగ్రత్తగా దాటాలి. ఓపికంతా ఆ పాతిక కిలోమీటర్ల కోసం దాచుకునేలా ప్లాన్ వేసుకోండి.

ఒక్కరోజులో తొక్కేయగలిగినవాళ్లు కూడా దీన్ని రెండు రోజులు చేయడమే మంచిది. తెల్లారి బయల్దేరితే రామప్ప చేరేసరికి మిట్టమధ్యాహ్నం అవుతుంది. అప్పుడు ప్రాంగణంలో బండలు కాలుతుంటాయి, చెప్పులు బయటే వదలాలి. ఎండ నడినెత్తి మీద ఉంటే శిల్పాల లోతు కూడా కళ్లకు ఆనదు. గుడి తూర్పు ముఖంగా ఉంది కాబట్టి పొద్దున్నే ఏటవాలుగా పడే వెలుగులో చూడాలి. అంటే ముందురోజు రాత్రి చుట్టుపక్కలే ఎక్కడో ఆగాలి.

మొదలుపెట్టడానికి ఖిలా వరంగలే సరైన చోటు. నాలుగు కీర్తి తోరణాలు, వాటి మధ్య కూలిన స్వయంభూ శివాలయం రాళ్లు, చుట్టూ రాతి గోడ, దానికవతల మట్టి కోట. కోట లోపల ఊరు ఇప్పటికీ ఉంది, మనుషులు కాపురాలు ఉంటున్నారు. గోడ చుట్టూ నెమ్మదిగా ఒక తిరుగుడు తిరిగితే కాళ్లు కూడా వేడెక్కుతాయి. అక్కడి నుంచి హన్మకొండ వెళ్లి, 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడి చూసుకుని ములుగు రోడ్డు పట్టుకోవాలి. నగరం ట్రాఫిక్ పుంజుకోకముందే ఆరెపల్లి దాటేయండి.

అక్కడి నుంచి ములుగు దాకా 163వ జాతీయ రహదారి. గూడెప్పాడ్ వరకు పరకాల వైపు బండ్లు, ములుగు వైపు బండ్లు రెండూ ఇదే రోడ్డు మీద ఉంటాయి, అందుకే ఈ భాగం రద్దీ. గూడెప్పాడ్ దాటాక కొంత తెరిపిస్తుంది కానీ గోదావరి వైపు నుంచి వచ్చే ఇసుక లారీలు తగ్గవు. ఇసుక రాలి రోడ్డు అంచున మేట వేస్తుంది. లారీకి దారి ఇద్దామని ఒక్కసారిగా అంచుకు దిగితే ముందు చక్రం జారేది అక్కడే. తెల్ల గీతకు ఒక జానెడు లోపల, తిన్నగా, ఒకే వేగంతో పోవడం మేలు. హ్యాండిల్‌కు చిన్న అద్దం బిగించుకోండి. డిసెంబరు, జనవరి పొద్దుల్లో పొగమంచు ఉంటుంది కాబట్టి వెనక ఎర్ర లైటు పగలు కూడా వెలుగుతూనే ఉండాలి.

మల్లంపల్లి, జాకారం దాటాక గుట్టలు మొదలవుతాయి. ములుగు ముందర గట్టమ్మ గుడి దగ్గర చిన్న ఎక్కుడు తప్ప దారి మొత్తంలో చెమటలు పట్టించే చడావు లేదు. మేడారం పోయేవాళ్లంతా గట్టమ్మ దగ్గర ఆగి మొక్కి కదులుతారు, సెలవు రోజుల్లో అక్కడ బండ్లు అడ్డదిడ్డంగా ఆగి ఉంటాయి. భోజనం, నీళ్లు, మందులు, ఏటీఎం పని ఏదున్నా ములుగులోనే ముగించుకోవాలి. ముందున్న ఊళ్లలో చిన్న కిరాణా కొట్లు, టీ కొట్లే ఎక్కువ. గుడి దగ్గరి దుకాణాలను నమ్ముకుని రాత్రి తిండి వాయిదా వేయకండి.

జంగాలపల్లి దగ్గర ఎడమకు తిరగగానే హారన్ల మోత వెనకపడుతుంది. వెంకటాపూర్ మీదుగా, రామప్ప గుడి ఉన్న పాలంపేట వరకు పొలాల మధ్య సన్నని రోడ్డు. వరి, పత్తి, మిరప చేలు, మధ్యమధ్య కుంటలు. కాకతీయులు ఊరు, చెరువు, గుడి మూడింటినీ కలిపి కట్టారని పుస్తకాల్లో చదువుతాం. అది ఎలా కట్టారో సైకిల్ వేగంలోనే తెలుస్తుంది. కాలువ పక్కనే కొంత దూరం వెళ్తారు, తూము ఎక్కడుందో, ఏ పొలానికి నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయో కనిపిస్తుంది, ఆ తర్వాత గుట్టల మధ్య కట్ట, కట్ట వెనక రామప్ప చెరువు. గుడి చూసి వెళ్లిపోకుండా కట్ట ఎక్కి అటు నీళ్లనూ, ఇటు ఆయకట్టునూ ఒకేసారి చూడండి. గుడికి ఇచ్చినంత సమయం చెరువుకూ ఇవ్వాలి. గుడి కట్టించిన రేచర్ల రుద్రుడి ఊరుకు, ఆ గుడికి ఆధారం ఆ నీళ్లే.

గుడి ఉదయం 6 గంటలకు తెరుస్తారు. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు వేయించిన 1213 నాటి శాసనం ఆవరణలోనే ఉంది. నక్షత్రాకారపు పీఠం మీద ఎర్రటి ఇసుకరాతి గోడలు, లోపల నల్లరాతి స్తంభాలు, చూరు కింద ఏటవాలుగా నిలబెట్టిన మదనికలు, అంటే నాట్య భంగిమల్లో ఉన్న స్త్రీ శిల్పాలు. ముందు గుడి చుట్టూ బయటి నుంచి ఒక ప్రదక్షిణ చేసి మదనికలను చూడండి, నీడలు పొట్టివి కాకముందే ఆ పని అయిపోవాలి. తర్వాత లోపల రంగమండపం నేల గమనించండి, అక్కడక్కడా ఎగుడుదిగుడుగా ఉంటుంది. పునాది గోతిలో ఇసుక నింపి దాని మీద కట్టిన గుడి ఇది. శతాబ్దాలుగా ఇసుక సర్దుకుంటూ వచ్చిన గుర్తు ఆ నేలలో ఉంది. అలాంటి పునాది మీద బరువు తగ్గించడానికే శిఖరానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక సెలవు రోజుల్లో జనం బాగా పెరిగారు. పని దినం పొద్దున వెళ్తే ప్రశాంతంగా చూడొచ్చు. ద్వారం పక్క స్తంభం మీది వేణుగోపాలుణ్ని తడితే స్వరాలు పలుకుతాయని ఎవరైనా చూపించబోతే వద్దనండి, ఇప్పటికే చేతులు తగిలి ఆ రాయి అరిగింది.

బస విషయంలో చెరువు ఒడ్డున పర్యాటక శాఖ హరిత కాటేజీలు ఉన్నాయి. చోటుకు తిరుగులేదు, కానీ గదులు కొద్దే. ముందే బుక్ చేసుకుని, బయల్దేరేముందు ఫోన్ చేసి గదితో పాటు రాత్రి వంట ఉంటుందో లేదో కూడా అడగండి. దొరక్కపోతే ములుగులో దిగి, చీకటితోనే లేచి పాలంపేటకు రావాలి. లక్నవరం చెరువు కూడా కలుపుకుందామని చాలామందికి ఉంటుంది. రానుపోను 40 కిలోమీటర్ల పైనే పెరుగుతుంది, పైగా వారాంతాల్లో కార్ల వరస. దానికి ఇంకో రోజు ఉంటే వెళ్లండి, ఈ రెండు రోజుల్లో ఇరికించకండి.

పాలంపేట నుంచి గణపురం పది కిలోమీటర్ల లోపే, అందరూ వదిలేసేది కూడా ఇదే. కోటగుళ్లలో ప్రాకారం లోపల పెద్దవీ చిన్నవీ కలిపి 22 గుళ్లు. చాలావరకు శిథిలమైనా గణపేశ్వరాలయం మండపం దగ్గరి మదనికలు, గజకేసరి శిల్పాలు రామప్పకు తీసిపోవు. జనం తక్కువ. ఊరి చెరువు గణపసముద్రం. రామప్ప చూసిన కంటితోనే వెంటనే ఇది చూస్తే రెండు చోట్లా ఒకే తరం పనివాళ్ల చెయ్యి కనిపిస్తుంది. గంట సరిపోదు, రెండు గంటలు పెట్టుకోండి.

వర్షాలు గట్టిగా పడిన ఏడాది ఈ పాతిక కిలోమీటర్ల ముక్కలో చెరువులు మత్తడి దూకి కల్వర్టుల మీద నీళ్లు పారతాయి. ఎంత లోతో తెలియని నీళ్లలో సైకిల్ దింపకండి, కింద తారు కొట్టుకుపోయి గుంత ఉండొచ్చు. కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. వాటి మీద బ్రేకు వేస్తే టైరు జారుతుంది, పైగా అది రైతు ఏడాది కష్టం, దాని మీద నుంచి పోకూడదు. కుప్ప అంచున వరసగా పెట్టిన రాళ్లు చీకట్లో కనపడవు, అందుకే ఇక్కడ రాత్రి ప్రయాణం వద్దు. గడ్డి పరకలు గేర్ల చిన్న చక్రాల్లో చుట్టుకుంటే అలాగే తొక్కకుండా దిగి లాగేయండి, లేకపోతే గేర్లు మార్చే డీరెయిలర్ వంగుతుంది.

తిరుగు దారి గణపురం నుంచి భూపాలపల్లి–పరకాల రహదారి మీదికి ఎక్కి రేగొండ, పరకాల, గూడెప్పాడ్ మీదుగా. బొగ్గు గనులు, చెల్పూరు థర్మల్ కేంద్రం ఇటే కాబట్టి బొగ్గు, బూడిద లారీలు తిరుగుతాయి. కళ్లద్దాలు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. ఒక్క ఊరట ఏమిటంటే చలికాలంలో గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వీస్తుంది, వెళ్లేటప్పుడు ఎదురైనా వచ్చేటప్పుడు వెనక నుంచి నెడుతుంది. ఈ బొగ్గు, బూడిద లారీలు వద్దనుకుంటే గణపురం చూసి వెంకటాపూర్ మీదుగా ములుగుకే తిరిగి రావొచ్చు. చుట్టు పూర్తి కాదు కానీ మంచి పాతిక కిలోమీటర్లను రెండోసారి తొక్కినట్టవుతుంది.

సైకిల్ సంగతికొస్తే, 35 నుంచి 40 ఎంఎం టైర్లున్న హైబ్రిడ్ ఈ దారికి సరిగ్గా సరిపోతుంది. సామానుతో కలిపి 55–65 పీఎస్ఐ గాలి చాలు. 25 ఎంఎం రోడ్ టైరుతో హైవే సుఖంగానే ఉంటుంది, అతుకుల తారు మొదలయ్యాక గుంతల్లో ట్యూబ్ నలిగి పాము కాటులా రెండు చిల్లులు పడతాయి. మిగతా పంక్చర్లన్నీ తుమ్మ ముళ్ల వల్లే. పొలం గట్ల పక్క సైకిల్ పడుకోబెడితే చాలు, గుచ్చుకుంటాయి. ముల్లు తీయకుండా ట్యూబ్ మార్చితే పది నిమిషాల్లో మళ్లీ పంక్చర్, కాబట్టి టైరు లోపలంతా వేలితో తడిమి చూడాలి.

ట్యూబులు రెండు, ప్యాచ్‌లు, టైరు లివర్లు, పంపు, తెగిన చైన్‌ను కలిపే క్విక్ లింక్ వెంట ఉండాలి. పల్లె సైకిల్ షాపులో పని బాగా చేస్తారు కానీ హైబ్రిడ్, రోడ్ సైకిళ్లకు వేసే 700సీ సైజు ట్యూబ్ దొరకదు. దొరికేది మామూలు 28 ఇంచీల సైకిళ్ల వాల్‌ట్యూబ్ రకం. అవసరానికి 38 ఎంఎం టైరులో అది పడుతుంది, కానీ దాని వాల్వ్ లావు, మీ రిమ్ము సన్నని ప్రెస్టా వాల్వ్ కోసం చేసినదైతే రంధ్రంలో దూరదు. షాపు పంపు కూడా ప్రెస్టాకు పట్టదు, చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి పర్సులో వేసుకుంటే ఆ తంటా తప్పుతుంది.

హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు సైకిల్‌ను రైల్లో లగేజీగా బుక్ చేసి కాజీపేటలోనో వరంగల్‌లోనో దించుకోవచ్చు. లగేజీ వ్యాన్ ఉన్న రైలే చూసుకోవాలి. గంటన్నర ముందు పార్సిల్ ఆఫీసుకు వెళ్లి, లైట్లు, పంపు, సీసాలు తీసేసి, డీరెయిలర్ చుట్టూ అట్ట కట్టి అప్పగించండి. రైలు ఆగేది కొద్ది నిమిషాలే కాబట్టి ఎక్కించేటప్పుడే ఎక్కడ దింపాలో గార్డుకు చెప్పి ఉంచాలి.

వెళ్లాల్సింది నవంబరు నుంచి ఫిబ్రవరి మొదటి వారాల లోపు. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతర జరిగే ఏడు మాత్రం జాతరకు ముందు, తర్వాత కొన్ని వారాలు ఈ దారి వద్దు. ములుగు రోడ్డు బస్సులతో నిండిపోతుంది, తిరిగొచ్చే బండ్లను భూపాలపల్లి, పరకాల మీదుగా మళ్లిస్తారు, రెండు వైపులా సైకిల్‌కు చోటుండదు.