దబ్‌ఖాద్, మోయె, ఢీల్: సోమాలీ ఇంటి సామాన్లు ఏళ్ళ తరబడి వాడాక

జిజిగాలో (ఇథియోపియాలో సోమాలీ ప్రాంతానికి రాజధాని) లెక్చరర్‌గా చేసినన్నాళ్ళూ మా వంటింట్లో సగం సామాను సోమాలీ వాళ్ళదే, అన్నీ మా ఓనరమ్మ దగ్గరుండి కొనిపించింది. ఆవిణ్ణి వీధిలో అందరూ ఈడో అనేవాళ్ళు, అంటే మేనత్త, మేమూ అదే పిలుపు. హైదరాబాద్ వచ్చేశాక కూడా కొన్ని వాడుతూనే ఉన్నాం కాబట్టి రాస్తున్నా.

ముందు దబ్‌ఖాద్. ధూపం వేసే పాత్ర, చేత్తో పట్టుకుని గదులన్నీ తిప్పొచ్చు. మట్టివి చవకే కానీ మాది సింక్ అంచుకి తగిలి మూతి లేచిపోయింది, తర్వాత తీసుకున్న తెల్లరాయిది మాత్రం సూపర్. సోమాలియా మధ్యలో ఎల్‌బూర్ దగ్గర ఆ రాయి తవ్వుతారు, మెత్తన కాబట్టి కత్తి, ఆకురాయి లాంటివాటితో చేత్తోనే చెక్కేస్తారు. చూస్తే బరువనిపిస్తుంది గానీ ఎత్తితే ఏమీ ఉండదు, పైన నిప్పులు ఎర్రగా ఉన్నా కింద పట్టుకుంటే చెయ్యి కాలదు. మైనస్ ఏంటంటే మసి పీల్చేస్తుంది, తెలుపు ఇక మర్చిపోవడమే, నీళ్ళలో నానబెట్టి కడుగుదామంటే రాయి మెత్తబడుతుంది, పొడిగుడ్డతో తుడుచుకోవాలంతే.

అందులో వేసేది ఊన్సి. పంచదార పాకంలో బేయో (మన అందుగు చెట్టు జాతిదే, దాని బంక), అత్తర్లు కలిపి ఆరాక ముక్కలు కొడతారు. పంచదార ఉంది కదా, నిప్పు భగభగమంటున్నప్పుడు వేశారా ఇల్లంతా మాడు వాసనే, బొగ్గు మీద తెల్లగా బూడిద పట్టేదాకా ఆగి చిన్న ముక్క వేస్తే చాలు. వాళ్ళు భోజనాలయ్యాక వేస్తారు, మా ఇంట్లో చేపల పులుసు వండిన రోజు ఇది లేకపోతే కష్టం! చీరలకి పొగ పట్టిస్తే ఉతికినా వాసన ఒక పట్టాన పోదు. కిటికీ మాత్రం తెరిచి పెట్టుకోండి, బొగ్గుల పొగతో ఆటలొద్దు.

మోయె అంటే చెక్క రోలు. జీలకర్ర, ధనియాలు, మిరియాలు, యాలకులు దంచి హవాష్ అనే మసాలా చేస్తారు, మిక్సీ పొడికి ఆ ఘుమఘుమ రాదు. కానీ చెక్క వాసన పట్టేస్తుంది. మా ఆవిడ వెల్లుల్లి కారం దంచిన మర్నాడు ఈడో వచ్చి టీలోకి యాలకులు, లవంగాలు అందులోనే దంచుకెళ్ళింది, కాసేపటికి గ్లాసుతో సహా వచ్చి "ఏం దంచారమ్మా ఇందులో" అని నిలదీసింది. అప్పట్నుంచీ వెల్లుల్లికి వేరే రోలు.

ఢీల్ సంగతి వేరు. నారతో పాలు కారనంత బిగువుగా అల్లిన పాలకుండ, లోపల కాలే పుల్లలతో పొగబెట్టి పాలు పోస్తారు, త్వరగా పాడవ్వవు, దాలిలో కాగిన పాలలాగా పొగ రుచి వస్తుంది. నాకు ఇష్టమే, పిల్లలు ముట్టలేదు. అయితే రోజూ పాలు పోసి పొగబెట్టే ఇంటికే అది, వాడకుండా వదిలేస్తే పులుపు కంపు, ప్యాకెట్ పాలకి శుద్ధ దండగ, ఇప్పుడు షోకేసులో ఉంది.

ఒక్కటే కొంటామంటే రాతి దబ్‌ఖాద్ కొనండి, అడుగు వెడల్పుగా ఉన్నది చూసి, సన్నటివి చాప మీద పెడితే ఒరిగిపోతాయి.