ఎథికల్ ఫోన్‌కి ప్రీ-ఆర్డర్ పెడుతున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

ఈ మధ్య కొత్తగా వచ్చిన ఒక ఎథికల్ స్మార్ట్‌ఫోన్‌ని, అంటే గని, ఫ్యాక్టరీ కార్మికులకు అన్యాయం జరగకుండా, మనమే రిపేరు చేసుకునేలా తయారుచేశామని చెప్పే ఫోన్‌ని, మొదటి బ్యాచ్‌లోనే కొన్నవాళ్లలో నేనూ ఒకడిని. సూటిగా చెప్పేస్తాను: ఈ తరహా చిన్న కంపెనీల ఫోన్ ఏదైనా సరే, మొదటి బ్యాచ్ కొనకండి. స్పేర్ పార్టులు నిజంగా స్టాక్‌లోకి వచ్చేదాకా, మీ నెట్‌వర్క్‌లో కాల్స్ సరిగా పోతున్నాయని ఎవరైనా వాడి చెప్పేదాకా ఆగండి. కంపెనీ పేరు రాయడం లేదు, వారంటీ గొడవ ఇంకా తెగలేదు. ఎథికల్ ఫోన్ అనగానే అందరికీ నెదర్లాండ్స్ కంపెనీ ఫెయిర్‌ఫోనే గుర్తొస్తుంది కాబట్టి ఒక్కమాట, నేను కొన్నది వాళ్లది కాదు.

ముందు స్క్రీన్ సంగతి. ఫోన్ ఆన్ చేసి వైఫై పాస్‌వర్డ్ కొడుతుండగానే ఆదిలోనే హంసపాదు అన్నట్టయింది. స్క్రీన్ కింద ఎడమవైపు మూల, నేను వేలు పెట్టకపోయినా పెట్టినట్టే తీసుకుంటోంది. కీబోర్డు తెరిస్తే అక్షరాలు వాటంతటవే పడతాయి. ఫొటోలు చూస్తుంటే తెలియకుండానే వెనక్కి పోతాయి. ఒకసారి ఎప్పుడూ మాట్లాడని పాత ఆఫీసు నంబరుకి కాల్ వెళ్లిపోయింది. దీన్నే ఘోస్ట్ టచ్ అంటారు. ఛార్జర్ పెట్టగానే ఇది బాగా పెరుగుతుంది. ఛార్జర్ నుంచి వచ్చే విద్యుత్ నాయిస్ టచ్ సెన్సర్‌ని గందరగోళపెడితే ఇలా అవుతుంది. కాకపోతే నాకు ఛార్జర్ తీసేశాక కూడా తగ్గుతుందే తప్ప పోదు. అంటే తప్పు ఛార్జర్ ఒక్కదానిదే కాదు, లోపల ఎక్కడో ఉంది.

ఈ ఫోన్లు కొనేదే విప్పుకోవచ్చని కదా. వెనక మూత గోరుతో తీయొచ్చు, మామూలు చిన్న స్క్రూడ్రైవర్ చాలు. స్క్రూలు తీసి, డిస్‌ప్లే కనెక్టర్‌ని ఊడదీసి, మళ్లీ టక్కుమనేలా నొక్కి బిగించాను. కాసేపు అంతా మామూలే. జేబులో పెట్టుకుని నాలుగడుగులు వేసేసరికి మళ్లీ మొదలు. మాడ్యూల్‌గా విడిపోయే ప్రతి భాగానికీ ఒక కనెక్టర్ ఉంటుంది, ప్రతి కనెక్టరూ వదులయ్యే అవకాశం ఉన్న చోటే. మామూలు కంపెనీలు జిగురు పెట్టి అతికించేసి ఈ తలనొప్పి తప్పించుకుంటాయి. నాకు జిగురు ఫోన్లు నచ్చవు, ఇప్పటికీ నచ్చవు. కానీ విప్పుకునే డిజైన్ ఎంచుకున్న కంపెనీ ఆ కనెక్టర్లను ఇంకెంత గట్టిగా పరీక్షించాలి!

సపోర్ట్‌వాళ్లకు రాశాను. మర్యాదగానే జవాబిచ్చారు, అది ఒప్పుకోవాలి. వీడియో పంపమన్నారు, పంపాను. ఫ్యాక్టరీ రీసెట్ చేయమన్నారు, చేశాను. వేరే ఛార్జర్ పెట్టి చూడమన్నారు. చివరికి "డిస్‌ప్లే మాడ్యూల్ లోపం, మీరే సులభంగా మార్చుకోవచ్చు, ఉచితంగా పంపిస్తాం" అన్నారు. సంతోషం. ఎప్పుడు పంపిస్తారయ్యా అంటే, స్టాక్ లేదు. వాళ్ల స్పేర్ పార్టుల పేజీ తెరిస్తే డిస్‌ప్లే, బ్యాటరీ, ఛార్జింగ్ పోర్టు, కెమెరా, అన్నీ అందంగా ఫొటోలతో సహా ఉన్నాయి. సగానికి పైగా వాటి కింద బూడిదరంగులో "త్వరలో" అని ఉంది. ఫోన్ అమ్మిందే ఆ పేజీ చూపించి.

ఇది ఎందుకు జరుగుతుందో ఆలోచిస్తే పెద్ద రహస్యమేం లేదు. చిన్న కంపెనీ ఫ్యాక్టరీకి ఇచ్చే ఆర్డరే తక్కువ. వచ్చిన డిస్‌ప్లేలన్నీ ముందు కొత్త ఫోన్లలోకి పోతాయి, ఎందుకంటే ప్రీ-ఆర్డర్ డబ్బు తీసుకున్నారు, వాళ్లకు డెలివరీ ఇవ్వాలి. విడిగా అమ్మే పార్టులు ఆ తర్వాతే. కాబట్టి మొదటి బ్యాచ్‌లో లోపం ఉన్నవాడికే పార్టు అవసరం, సరిగ్గా అప్పుడే పార్టు ఉండదు.

పార్టులు మొదట్లోనే కాదు, చివర్లో కూడా దొరక్కపోవచ్చు. ఫెయిర్‌ఫోన్ మొదటి మోడల్ 2013లో వచ్చింది, సుమారు 60,000 అమ్ముడుపోయాయి. 2017 వచ్చేసరికి సరఫరాదారులు ఆ భాగాలు తయారుచేయడం ఆపేశారు, కంపెనీ కూడా చేతులెత్తేసి ఆ మోడల్‌కి సపోర్ట్ ముగించింది. న్యాయంగా రెండోవైపు కూడా చెప్పాలి. 2015 చివర్లో వచ్చిన వాళ్ల రెండో మోడల్‌కి, చిప్ తయారీదారు సపోర్ట్ ఆగిపోయాక కూడా, 2023 మార్చి దాకా అప్‌డేట్లు ఇచ్చారు. 2023లో వచ్చిన ఐదో మోడల్‌కి ఎక్కువకాలం సపోర్ట్ ఉండే పారిశ్రామిక చిప్ ఎంచుకుని, 2031 దాకా అప్‌డేట్లు ఇస్తామన్నారు. అంటే ఇది చేయలేని పనేం కాదు. మొదటి ఫోన్‌తో దెబ్బతిని నేర్చుకున్నారు. మీరు కొనబోయే కంపెనీకి ఇదే మొదటి ఫోన్ అయితే, వాళ్లు నేర్చుకునేది మీ డబ్బుతో.

యూరోపియన్ యూనియన్‌లో కొనేవాళ్లకు కాస్త ఊరట ఉంది. 2025 జూన్ 20 నుంచి అక్కడి మార్కెట్లోకి వచ్చే ఫోన్లకు కొత్త నిబంధనలు వర్తిస్తున్నాయి. మోడల్ అమ్మకాలు ఆగిన తర్వాత కూడా 7 ఏళ్లపాటు ముఖ్యమైన స్పేర్ పార్టులు దొరకాలి, ఆర్డర్ ఇస్తే 5 నుంచి 10 పనిదినాల్లో చేరాలి, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు కనీసం 5 ఏళ్లు రావాలి. పెట్టె మీద ఉండే లేబుల్‌లో రిపేరు సౌలభ్యానికి ఎ నుంచి ఇ వరకు గ్రేడు కూడా ఇస్తారు. అయితే 'ఎ' అని ఉంది కదా, పార్టు ఇవాళ గోడౌన్‌లో ఉంటుందిలే అనుకోకండి. ఫోన్ విప్పడం ఎంత తేలికో, ఏ పార్టులు ఎవరికి అమ్ముతామన్నారో, అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తామన్నారో చూసి ఆ గ్రేడు ఇస్తారు. స్టాక్ సంగతి మనమే చూసుకోవాలి.

ఇక కాల్స్. స్క్రీన్ కంటే ఇదే ప్రమాదం, కానీ దీని గురించి ఎవరూ మాట్లాడటం లేదు. 4జీ సిగ్నల్ నిండా ఉంటుంది, ఇంటర్నెట్ పరుగెడుతుంది, కాల్ చేస్తే మాత్రం కొన్ని సెకన్లు నిశ్శబ్దం, తర్వాత కట్. కారణం వోల్టీ, అంటే 4జీ మీదుగానే కాల్ కలిపే సదుపాయం. 4జీ మీద మాట కలవాలంటే ఫోన్‌లో ఆ సదుపాయం ఉంటే సరిపోదు. ఆ నెట్‌వర్క్‌కి తగిన సెట్టింగులు ఫోన్‌లో ఉండాలి, చాలాచోట్ల ఆపరేటర్ ఆ మోడల్‌ని తన ఆమోదిత జాబితాలో చేర్చాలి కూడా. పెద్ద కంపెనీలు ఈ పరీక్షలన్నీ ఫోన్ విడుదలకు ముందే చేయించుకుంటాయి. చిన్నవాళ్లకు అంత డబ్బు, అంత పలుకుబడి ఉండదు. జాబితాలో లేకపోతే ఫోన్ కాల్ కోసం 2జీకో 3జీకో దిగుతుంది. ఆ పాత నెట్‌వర్కులు మూసేసిన చోట దిగడానికి మెట్టే ఉండదు.

ఎమర్జెన్సీ కాల్ కూడా పోకపోవచ్చు, అదీ టెన్షన్. ఆస్ట్రేలియాలో 2024 అక్టోబరు చివర్లో 3జీ మూసేసినప్పుడు, 4జీ మీద ఎమర్జెన్సీ కాల్ చేయలేని ఫోన్లను నెట్‌వర్క్ మీదకే రానివ్వకుండా ఆపేశారు. డేటా కూడా లేదు, ఏమీ లేదు. అమెరికాలో ఏటీ అండ్ టీ 2022 ఫిబ్రవరిలో 3జీ తీసేసినప్పుడు వాళ్ల జాబితాలో లేని ఫోన్లకు ఇలాంటి కష్టమే వచ్చింది. కాబట్టి "అన్ని 4జీ, 5జీ బ్యాండ్లూ ఉన్నాయి" అనే మాట విని ఆగిపోకండి. మీ ఆపరేటర్ జాబితాలో సరిగ్గా ఆ మోడల్ నంబరు ఉందా అని వాళ్లనే అడగండి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

కెమెరా గురించి చెప్పడానికి పెద్దగా లేదు. వెలుతురు ఉంటే బాగుంది, లేకపోతే లేదు. బరువు కాస్త ఎక్కువే, అలవాటైపోతుంది. గూగుల్ సేవలు లేని ఆపరేటింగ్ సిస్టం ఎంచుకునే వీలుంటే మాత్రం ముందు మీ బ్యాంకు యాప్ అందులో తెరుచుకుంటుందో లేదో కనుక్కోండి. చాలా బ్యాంకు యాప్‌లు గూగుల్ ఇచ్చే భద్రతా ధ్రువీకరణ లేకపోతే మొండికేస్తాయి.

అసలు ఎథికల్ అనేదాని సంగతేంటి? ఇక్కడ కంపెనీ నన్ను మోసం చేసిందని అనను. కానీ ప్రకటనలో వాక్యాలను చాలా జాగ్రత్తగా చదవాలి. "ఈ ఫోన్‌లో ఇంత శాతం రీసైకిల్ చేసిన లేదా న్యాయంగా సేకరించిన పదార్థాలు" అంటారు. శాతం దేనిలో? మొత్తం బరువులోనా, వాళ్లు ఎంచుకున్న కొన్ని పదార్థాల్లోనా? బరువు లెక్కయితే అల్యూమినియం ఫ్రేము, ప్లాస్టిక్ మూత రీసైకిల్‌వి పెడితే చాలు, శాతం అమాంతం పెరుగుతుంది. పసిపిల్లల వెట్టిచాకిరీ, సాయుధ ముఠాలు అని మనం భయపడేది కోబాల్ట్, టాంటలం లాంటి లోహాల గురించి. ఫోన్ బరువులో వాటి వాటా చాలా తక్కువ.

"కాన్‌ఫ్లిక్ట్ ఫ్రీ", అంటే సాయుధ ముఠాలకు డబ్బు చేరని ఖనిజాలు అనే ముద్ర కూడా అంతే. అమెరికా 2010లో చేసిన డాడ్-ఫ్రాంక్ చట్టంలోని 1502 సెక్షన్, 2021 జనవరి నుంచి అమలవుతున్న యూరోపియన్ నిబంధన, రెండూ నాలుగింటి గురించే: తగరం, టాంటలం, టంగ్‌స్టన్, బంగారం. బ్యాటరీలో ఉండే కోబాల్ట్ ఆ రెండింటిలోనూ లేదు. ప్రపంచంలో గనుల నుంచి తవ్వే కోబాల్ట్‌లో దాదాపు 70 శాతం డెమొక్రాటిక్ రిపబ్లిక్ ఆఫ్ కాంగో నుంచే వస్తోంది. కాబట్టి ఆ ముద్ర చూసి బ్యాటరీ కూడా శుభ్రమే అనుకోవడానికి లేదు, కోబాల్ట్ గురించి విడిగా ఏం చెప్పారో వెతకాలి.

ఇంకోటి, మాస్ బ్యాలెన్స్. మంచి గని నుంచి వచ్చిన లోహం శుద్ధి కర్మాగారంలో మిగతా లోహంతో కలిసిపోతుంది. పాలకేంద్రంలో ఇంటింటి పాలూ ఒకే క్యానులో పోసినట్టే, ఆ తర్వాత ఏ చుక్క ఎవరిదో చెప్పలేం. కంపెనీ తనకు కావలసినంత లోహానికి మంచి గనికి డబ్బు కడుతుంది, లెక్కల్లో రాసుకుంటుంది. మీ చేతిలోని ఫోన్‌లో ఉన్నది ఆ లోహమే కాకపోవచ్చు. ఈ పద్ధతిలో తప్పులేదు, డబ్బు గని కార్మికులకు చేరుతుంది. దాన్ని దాచకుండా చెప్పే కంపెనీని నేను ఎక్కువ నమ్ముతాను. నేను కొన్న ఫోన్ వాళ్లు ఆ సంగతిని రిపోర్టులో లోపలెక్కడో చిన్న అక్షరాల్లో పెట్టి, పెట్టె మీద మాత్రం పెద్ద అక్షరాల్లో "న్యాయమైన బంగారం" అని వేసుకున్నారు. కార్మికులకు బోనస్ అన్నచోట కూడా చూడండి. చివరి అసెంబ్లీ జరిగే ఒక్క ఫ్యాక్టరీకేనా, డిస్‌ప్లే, చిప్ తయారయ్యే చోట్లకు కూడానా?

ఇవన్నీ తోటి కొనుగోలుదారులతో చెబితే వచ్చిన జవాబు నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించింది. "మంచి పని చేస్తున్న కంపెనీ, కాస్త ఓర్చుకోవాలి, ఇలా బయటపెడితే పెద్ద కంపెనీలకే లాభం" అంటారు. నేను నోరు మూసుకుంటే ఏ గని కార్మికుడికి మేలు? ఫోన్ వల్ల వెలువడే కర్బనంలో ఎక్కువ భాగం తయారీలోనే అయిపోతుంది. ఏడాదికే సొరుగులోకి పోయే ఫోన్ ఎంత న్యాయంగా తయారైనా ఆ తవ్వకం, ఆ కరెంటు, ఆ కష్టం అన్నీ బూడిదలో పోసినట్టే. ఎక్కువకాలం పనిచేయడమే దాని మొదటి నీతి. అది లేనప్పుడు మిగతా కబుర్లు నాకు చెవికెక్కవు.

ఇంకా కొనాలనే ఉందా? డబ్బు కట్టే రోజున స్పేర్ పార్టుల పేజీ తెరిచి డిస్‌ప్లే, బ్యాటరీ, ఛార్జింగ్ పోర్టు బుట్టలో వేసి చూడండి, చెల్లింపు దాకా వెళ్తున్నాయో లేదో తెలిసిపోతుంది. సెక్యూరిటీ అప్‌డేట్లు "ఇన్నేళ్లు" అన్నారా, ఫలానా సంవత్సరం దాకా అని రాశారా చూడండి. "ఇన్నేళ్లు" అంటే విడుదలైన రోజు నుంచి లెక్క కావచ్చు, మీరు కొన్న రోజు నుంచి కాదు. వాపసు గడువు ఎప్పుడు మొదలవుతుంది, తిరిగి పంపే ఖర్చు ఎవరిదో అడగండి. లిథియం బ్యాటరీ ఉన్న వస్తువు, అందులోనూ లోపం ఉన్నదైతే, అన్ని కొరియర్లూ తీసుకోవు. వేరే దేశం నుంచి తెప్పించుకుంటే ఇది పెద్ద చిక్కు.

ఇప్పటికే కొన్నవాళ్లు వాపసు గడువు దాటకముందే ఛార్జర్ పెట్టి, తీసి, రెండు విధాలా టచ్ పరీక్షించి వీడియో తీసి పెట్టుకోండి. కాల్ మాట్లాడుతూ స్క్రీన్ పైన గుర్తు చూడండి, 4జీ మాయమై 3జీయో 2జీయో వస్తే వోల్టీ లేనట్టే. రీసెట్ చేయమంటే బ్యాకప్ తీసుకోకుండా చేయకండి. పాత ఫోన్ అప్పుడే అమ్మేయకండి. చాలా దేశాల్లో చట్టప్రకారం మొదటి బాధ్యత అమ్మినవాడిది, తయారీదారుది తర్వాత. షాపు ద్వారా కొని ఉంటే తయారీదారుతో ఈమెయిళ్లు నడుపుతూ కూర్చోకుండా షాపువాళ్లకే ముందు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. విప్పేముందు వారంటీ షరతుల్లో ఏ స్క్రూలు మనం ముట్టుకోవచ్చో చదవండి. నా ఫోన్‌లో డిస్‌ప్లే దాకా అనుమతి ఉంది, దాని కింద బోర్డు ముట్టుకుంటే వారంటీ పోతుంది.

డిస్‌ప్లే మాడ్యూల్ ఎప్పుడు పంపుతారో తేదీ చెప్పండి, లేదా డబ్బు వాపసు ఇవ్వండి అని రాశాను, జవాబు రాలేదు. వస్తే ఇక్కడే చెబుతాను. మీ ఫోన్‌లో కూడా స్క్రీన్‌లో అదే మూల ఇలా చేస్తుంటే తయారీ నెల, సాఫ్ట్‌వేర్ వెర్షన్ రాయండి, ఒకే బ్యాచ్ సమస్య అవునో కాదో తేలుతుంది. ఐఎంఈఐ, సీరియల్ నంబర్లు మాత్రం బయట పెట్టకండి.