అనంతపురంలో రెండు రాత్రులు: లైట్ల మైదానం, నిమ్మలకుంట తెర

సంక్రాంతి సెలవుల్లో పిల్లలకు రాత్రిపూట చూసేది ఏదైనా చూపిద్దామనుకున్నాం. మా మరిది అనంతపురంలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. ఊరి బయట మైదానంలో లైట్లు, శబ్దాలతో ఒక ఎగ్జిబిషన్ పెట్టారని ఫోన్ చేసి చెప్పాడు. "ఊరికే చూసి వచ్చేది కాదు వదినా, తాకితే వెలుగుతాయి, తొక్కితే పలుకుతాయి" అన్నాడు. ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట చూడాలని మా అత్తమ్మకు ఎన్నాళ్లనుంచో ఉంది. రెండూ కలిపి పెట్టుకుని కర్నూలు నుంచి బయలుదేరాం. నేను, మా ఆయన, అత్తమ్మ, తొమ్మిదేళ్ల మా బాబు, ఆరేళ్ల మా అన్న కూతురు.

కర్నూలు నుంచి అనంతపురం దాదాపు 150 కిలోమీటర్లు. డోన్‌లో ఉగ్గాని బజ్జి తిని, గుత్తి కొండమీద కోటను బస్సు కిటికీలోంచే చూసుకుంటూ మధ్యాహ్నానికి దిగాం. బస్టాండుకు దగ్గర్లో ఒక లాడ్జిలో ముందే రూమ్ చెప్పి పెట్టుకున్నాం. అత్తమ్మకు మోకాళ్ల నొప్పి కాబట్టి కింది అంతస్తులోనే కావాలని ఫోన్లో రెండుసార్లు చెప్పాను. తీరా వెళ్లాక రెండో అంతస్తు ఇచ్చారు, లిఫ్ట్ లేదు. దుప్పట్లు, బాత్రూమ్ శుభ్రంగానే ఉన్నాయి గానీ వేడినీళ్లు పొద్దున ఎనిమిది దాటితే రావు. రాత్రి పదకొండు దాకా చూసొచ్చి పడుకునేవాళ్లకు ఆ టైమింగ్ కుదరదు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు రూమ్ చూడకుండా డబ్బు మొత్తం కట్టొద్దని నా మాట.

ఆరున్నరకే ఎగ్జిబిషన్‌కు పోయాం. అది పొరపాటు. పశ్చిమాన వెలుగు ఇంకా పూర్తిగా పోలేదు, అందుకని మొదట్లో ఉన్న లైట్ల సొరంగం వెలవెలబోయింది. పైగా ఆ సమయానికే ఊరంతా వస్తుంది. ఎనిమిదిన్నర తర్వాత చంటిపిల్లలున్నవాళ్లు వెళ్లిపోయి మైదానం కొంచెం ఖాళీ అయింది, చీకటి కూడా చిక్కబడింది. మేం మళ్లీ మొదటికి వచ్చి అదే సొరంగంలో నడిచాం. ఇందాక చూసింది ఇదేనా అనిపించింది. వీలుంటే అమావాస్యకు అటూ ఇటూ రోజుల్లో పోండి. నిండు వెన్నెల్లో ఇలాంటివి సగమే కనపడతాయి.

సొరంగంలో ఒకచోట ఊదారంగు లైట్లు పెట్టారు. మా బాబు వేసుకున్న తెల్లచొక్కా నిప్పంటుకున్నట్టు మెరిసింది, పక్కనున్న నా లేతపసుపు చీర మాత్రం నల్లబడిపోయింది. బట్టల సబ్బు పొడిలో తెల్లదనం కోసం కలిపే పదార్థం అతినీలలోహిత కాంతిని పీల్చుకుని, కంటికి కనపడే వెలుగుగా తిరిగి వదులుతుంది. ఈ సంగతి తెలిసినవాళ్లు పిల్లలకు తెల్లబట్టలు వేసి తీసుకెళ్లండి, వాళ్ల సంతోషం చూడాలి.

తర్వాత సరిగమల నేల. ఏడు పెద్ద పలకలు, ఒక్కోదాని మీద కాలు పెడితే ఒక్కో స్వరం, ఒక్కో రంగు. పలక కింద బరువును పసిగట్టే సెన్సర్ ఉంటుంది. అది చిన్న కంప్యూటర్ చిప్‌కు కబురు పంపితే, అది లైటుకూ స్పీకరుకూ పంపుతుంది. లైటు పట్టీల్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడే ఉంటాయి, వాటిని ఎక్కువ తక్కువ చేసి అన్ని రంగులూ పుట్టిస్తారు. మూడూ సమంగా వెలిగితే తెలుపు. అక్కడ నిలబడ్డ కుర్రాడు మా వాడికి ఇదంతా ఓపికగా చెప్పాడు. కానీ పలక తొక్కాక స్వరం రావడానికి రెప్పపాటు ఆలస్యం ఉంది. ఒక్కడు నడిచినప్పుడు తెలియదు. పదిహేను మంది పిల్లలు ఒకేసారి ఎక్కితే ఎవరి అడుగుకు ఏది పలుకుతోందో ఎవరికీ అర్థం కాలేదు. మా కోడలు పిల్ల "నాది రాలేదత్తా" అని ఏడుపు ముఖం పెట్టింది. నలుగురేసి పిల్లల్ని పంపితే ఆ బాధ ఉండేది కాదు. నిర్వాహకులు వరస పెట్టించాల్సింది.

నాకు అన్నిటికన్నా నచ్చింది వాన. పైన తీగల నుంచి వందల కొద్దీ సన్నటి లైటు దారాలు వేలాడదీశారు. కింద ఎవరూ లేకపోతే చీకటి. ఒకరు నిలబడితే అక్కడొక చుక్క, ఇక్కడొక చుక్క జారుతుంది, స్పీకర్లలో రేకు మీద చినుకు పడ్డ చప్పుడు. జనం చేరే కొద్దీ చుక్కలు ధారలవుతాయి, చప్పుడు పెరుగుతుంది. ఇరవై మంది పోగయ్యేసరికి కుండపోత. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా పడని నేల ఇది. వేరుశెనగ వేసి ఆకాశం కేసి చూసే జిల్లాలో వాన చప్పుడు వినిపించగానే అక్కడున్న జనం మాటలు ఆపేశారు. ఫోన్లు పైకెత్తినవాళ్లు కూడా దించారు. ఒక పెద్దాయన తల పైకెత్తి చేతులు చాచి నిలబడ్డాడు. ఆయన అరచేతుల మీద నీలం చుక్కలు పాకుతుంటే నేను చాలాసేపు అటే చూశాను.

మా అత్తమ్మ అక్కడే అంది, "మా ఊళ్లో వానలు రాకపోతే తోలుబొమ్మలోళ్లను పిలిపించి విరాటపర్వం ఆడించేవాళ్లే." పత్తికొండ దగ్గర పల్లె ఆమెది. తెల్లారేదాకా ఆట, కోడి కూశాక మంగళం. ఆమె ఆ మాట అన్నాక రేపటి ప్రయాణం మీద నాకూ ఆత్రం పుట్టింది.

సదుపాయాల సంగతి కూడా చెప్పాలి. టికెట్ ధర పెద్దవాళ్లకు సరే, పిల్లలకు కూడా అదే తీసుకోవడం ఎక్కువ. నేలమీద కరెంటు తీగల మీద రబ్బరు పట్టీలు వేశారు, అది మంచి పని. అయితే దారి ఎగుడు దిగుడుగా ఉంది, పెద్దవాళ్లకు కూర్చోడానికి మూడే బెంచీలు. ఆడవాళ్ల టాయిలెట్ దగ్గరే లైటు లేదు. మైదానమంతా వెలుగులు నింపినవాళ్లు అక్కడొక బల్బు మరిచిపోవడం నాకు నిజంగా కోపం తెప్పించింది. చివరి భాగంలో లైట్లు టపటపా కొట్టుకుంటాయి. మూర్ఛ ఉన్నవాళ్లకు అలాంటి వెలుగు ప్రమాదం, దాని ముందు ఏ బోర్డూ లేదు. ఈమధ్యే కంటి ఆపరేషన్ అయిన అత్తమ్మను మేం ఆ వైపు తీసుకెళ్లలేదు. తిండి మాత్రం బాగుంది. వేడివేడి మిరపకాయ బజ్జీలు, ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు. చలిలో ఆ కాయలు ఒలుచుకుంటూ నడవడం పిల్లలకు లైట్లంత ఇష్టమైంది.

మర్నాడు పొద్దున గడియారస్తంభం చూశాం. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన గుర్తుగా కట్టింది. ఎనిమిది పక్కలు ఎనిమిదో నెలకు, 47 అడుగుల ఎత్తు 47వ సంవత్సరానికి అని ఊళ్లో వాళ్లు లెక్క చెప్తారు. పిల్లలు చుట్టూ తిరిగి పక్కలు లెక్కపెట్టారు. తర్వాత కారు మాట్లాడుకుని ధర్మవరం వెళ్లాం. అక్కడ పట్టుచీరల షాపుల్లో గడిపిన రెండు గంటల గురించి రాస్తే ఇంకో వ్యాసం అవుతుంది. స్టేషన్‌కు దగ్గర్లో దొరికిన రూమ్ చిన్నదే, కానీ కింది అంతస్తు. యజమానురాలు అడగకుండానే అత్తమ్మకు బకెట్టుతో వేడినీళ్లు పంపింది. ముందురోజు రూమ్‌లో సగం అద్దె.

నిమ్మలకుంట ధర్మవరం మండలంలోనే ఉంది. జిల్లాలు విడిపోయాక, 2022 నుంచి అది శ్రీ సత్యసాయి జిల్లా కిందికి వచ్చింది. మా వైపు జనం మాత్రం ఇంకా అనంతపురం నిమ్మలకుంట అనే అంటారు. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. అయినా అక్కడ రోజూ ఆట ఉంటుందనుకుని పోకండి. ముందే మాట్లాడుకోవాలి. మా మరిది తన స్నేహితుడి ద్వారా మాట్లాడి పెట్టాడు, ఇంకో రెండు కుటుంబాలు కలిశాయి. తలకు లెక్కేస్తే ఎగ్జిబిషన్ టికెట్ కన్నా కొంచెం ఎక్కువే పడింది. ఆట ఆడినవాళ్లు ఆరుగురు, చూసినవాళ్లం పదకొండు మందిమి. ఆ లెక్కన మేం ఇచ్చింది తక్కువనే నాకు అనిపించింది.

సాయంత్రం వెలుగుండగానే వెళ్లాం కాబట్టి బొమ్మలు చేసే చోటు చూడగలిగాం. మేకతోలు నానబెట్టి, వెంట్రుకలు గీకి, ఎండలో సాగదీసి ఆరబెడితే సన్నగా, వెలుగు దిగేలా తయారవుతుంది. దాని మీద గీత గీసి, కోసి, రెండు వైపులా రంగు వేస్తారు. ఒకామె చెక్క మీద తోలు పరిచి చిన్న ఉలితో చిల్లులు పెడుతోంది. చుక్క చుక్కకూ ఒక దెబ్బ. రాముడి భుజకీర్తి ఒక్కదాంట్లోనే నేను నలభై దాకా లెక్కపెట్టి వదిలేశాను. "ఇన్ని ఎందుకమ్మా?" అని మా బాబు అడిగాడు. ఆమె ఆ ముక్కను ఎత్తి కిటికీకి అడ్డంగా పట్టింది. చిల్లుల్లోంచి ఎండ వచ్చి నగ మొత్తం రవ్వలు పొదిగినట్టయింది. "రాత్రికి చూడు సామీ" అంది.

చీకటి పడ్డాక వీధిలోనే తెర కట్టారు. తెల్లటి బట్ట, దాని వెనక పైనుంచి వేలాడే బల్బులు. పూర్వం ఆముదం దీపాలు పెట్టేవాళ్లట. హార్మోనియం, మద్దెల, తాళాలు. వినాయకుడి బొమ్మతో మొదలుపెట్టి, మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి పోట్లాడుకుని, అందరినీ నవ్వించి, ఆ తర్వాత సుందరకాండలోకి వెళ్లారు. మా అత్తమ్మ పాటలో సగం పదాలు ముందే అనేస్తోంది.

అక్షకుమారుడితో యుద్ధం మొదలవగానే తెర వెనక నుంచి టకటకా టకటకా అని పెద్ద చప్పుడు. మా బాబు లేచి పక్కనుంచి తొంగిచూశాడు. బొమ్మ ఆడిస్తున్న ఆయన చేతులు పైన ఉంటే, కింద కాలితో ఒక చెక్కను తొక్కుతున్నాడు. అదే గుర్రాల పరుగు, అదే గదల దెబ్బ. వాడు నా దగ్గరికి పరిగెత్తుకొచ్చి "అమ్మా, నిన్నటి పలకలే! కాలితో తొక్కితే పలుకుతాయి, కరెంటు లేదు" అన్నాడు. ఆ మాట తెర వెనకకు వినిపించింది. "రా నాయనా, నువ్వే తొక్కుదువు రా" అని పిలిచారు.

పద్యం నడుస్తుంటే వాడికి సైగ చేసి చూపించారు, ఎప్పుడు తొక్కాలో, ఎప్పుడు ఆపాలో. మొదట తప్పాడు. మద్దెల ఆయన వాడి తప్పుకు తగ్గట్టు దరువు మార్చి వాణ్ని మళ్లీ దారిలోకి తెచ్చాడు. రెండోసారి సరిగ్గా పడింది. ముందురోజు సెన్సర్ నేల వాడి అడుగుకు ప్రతిసారీ ఒకే స్వరం ఇచ్చింది. ఇక్కడ ఒక మనిషి వాడి అడుగు విని, దానికి తగ్గట్టు తన చేయి మార్చుకున్నాడు. నాకు గొంతు పట్టేసింది.

తర్వాత హనుమంతుణ్ణి వాడి చేతికిచ్చారు. నడుమ నిలువునా వెదురుబద్ద, చేతులకు పుల్లలు. బొమ్మ దాదాపు వాడంత ఎత్తు. "తెరకు ఆనించి పట్టు. వదిలితే మసకైపోతాడు" అన్నాడు పెద్దాయన. నిజమే, తెరకు అంటితే ప్రతి చిల్లూ, ప్రతి రంగూ తేటగా కనిపిస్తుంది. బల్బు వైపు కొంచెం జరిపితే ఆకారం పెద్దదై అంచులు కరిగిపోతాయి. ఆ జరపడంలోనే హనుమంతుడు పెరిగి సముద్రం దాటడం, దిగి చిన్నవాడు కావడం అన్నీ చూపిస్తారు. ముందు కూర్చున్న మా కోడలు పిల్ల "హనుమంతుడు పెద్దగయిండు!" అని కేక పెట్టింది. ఆ కేక విని తెర వెనక వాళ్లు మరోసారి పెంచి చూపించారు.

పదకొండుకు ఆట ముగిసింది. మంగళం పాడేటప్పుడు అత్తమ్మ లేచి నిలబడి చేతులు జోడించింది.

అక్కడ కూడా లోటుపాట్లున్నాయి. పరిచిన పట్టాలు సరిపోక మేం దుప్పట్లు తెచ్చుకోవలసింది. చలి గట్టిగా ఉంటుంది. రాత్రి తిండి దొరకదు, ధర్మవరంలోనే తిని పోవాలి. తిరుగు కారు ముందే చెప్పి పెట్టుకోవాలి, అప్పటికప్పుడు ఆటో దొరకదు. టాయిలెట్‌కు ఒక ఇంటివాళ్లు తలుపు తీశారు, అది వాళ్ల మంచితనం.

ఈ రెంటిలో ఒకటే చూసే వీలుంటే నిమ్మలకుంటకే వెళ్లండి. రెండు రాత్రులు ఉంటే లైట్ల ఎగ్జిబిషన్ ముందు, తోలుబొమ్మలాట తర్వాత పెట్టుకోండి. మాకు అలా కుదరడం వల్లే మా వాడికి ఆ చెక్క చప్పుడులో నిన్నటి నేల వినిపించింది.

వచ్చేముందు ఒక తోలు లాంప్‌షేడ్ కొన్నాం, నెమళ్ల బొమ్మలున్నది. ఇచ్చినామె రెండు జాగ్రత్తలు చెప్పింది. వేడెక్కే పాత బల్బు పెట్టకూడదు, తోలు ముడుచుకుపోతుంది. వానాకాలంలో తేమ తగలకుండా మధ్యమధ్యలో ఎండలో పెట్టాలి. ఐదు వాట్ల ఎల్‌ఈడీ పెట్టి హాల్లో వేలాడదీశాం. రోజూ చీకటి పడగానే పెద్ద లైటు ఆర్పమంటుంది అత్తమ్మ. గోడమీద నెమళ్లు పరుచుకున్నాకే టీవీ పెట్టనిస్తుంది.