యేసు ప్రభువు రాకడ దగ్గరపడిందంటున్న ఈ రోజుల్లో బైబిలు వాక్యాన్ని పట్టుకుని ఉండాలంటే ఏది మేలు? వీడియోలా, ఏడాది పట్టికా, నలుగురితో ఒక్క పుస్తకమా?

2025 సెప్టెంబరు మూడో వారంలో మా చిన్నత్త ఫోన్ చేసింది. "అమ్మాయ్, 23న ఎత్తబడతామంటున్నారు కదా, నా డ్వాక్రా వాయిదా 25న. ముందే కట్టేయనా, ఆగనా?" అని అడిగింది. సగం నవ్వుతూ అడిగింది. మిగతా సగం మాత్రం నవ్వు కాదు.

దక్షిణాఫ్రికాలో ఒకాయన, యేసు తనకు కనబడి చెప్పాడంటూ ఆయన తిరిగి వచ్చి విశ్వాసులను ఆకాశానికి ఎత్తుకునే రోజుకు, అంటే రాకడకు, యూదుల కొత్త సంవత్సరం పండుగకు తేదీ కట్టేశాడు: సెప్టెంబరు 23, 24. టిక్‌టాక్ మనకు 2020 నుంచే లేదు. అయినా ఆ ముక్కలు తెలుగు గొంతులు అతికించుకుని వాట్సాప్‌లోకి వచ్చేశాయి. 25 తెల్లారింది, అత్త వెళ్ళి వాయిదా కట్టి వచ్చింది. ఆ వీడియో పంపినవాళ్ళు గ్రూపులో దాని ఊసే ఎత్తలేదు. వారం తిరగకుండా ఇంకోటి వచ్చింది.

ప్రభువు వస్తాడని నమ్మేవాళ్ళలో నేనూ ఒకదాన్ని. ప్రతి ఆదివారం విశ్వాస ప్రమాణంలో "సజీవులకును మృతులకును తీర్పు తీర్చుటకు" అని చెబుతూనే పెరిగాను. కాబట్టి వస్తాడా రాడా అన్నది ఇక్కడ నా ప్రశ్న కాదు. అంతవరకు లేఖనానికి నమ్మకంగా ఉండటానికి మన ఇళ్ళలో మూడు దారులు కనబడుతున్నాయి. మూడూ నేను నడిచి చూశాను. వాటిలో ఏది నిలబెడుతుంది?

ముందు వీడియోల సంగతి. వాటికి ఇవ్వాల్సిన మర్యాద ఇచ్చే మొదలుపెడతాను. లాక్‌డౌన్‌లో నేను దానియేలు గ్రంథం తెరిచిందే ఒక ప్రవచనాల వీడియో చూసి. మా సంఘంలో యెహెజ్కేలు 38 పేరెత్తిన ప్రసంగం నాకు గుర్తులేదు. ఆ వీడియోల పుణ్యమాని గోగు, మాగోగు అంటే ఏమిటని వెతికాను. పండుటాకులాంటి ముసలమ్మలు కూడా బైబిలు అట్ట దులిపి ప్రకటన గ్రంథం తీస్తున్నారంటే అది చిన్న విషయం కాదు.

చిక్కు ఆ తర్వాత వస్తుంది. ప్రకటన గ్రంథంలోని మృగం సంఖ్య 666 అంటే నా చిన్నప్పుడు సబ్బు కవరు మీది బార్‌కోడ్. తర్వాత ఆధార్ అన్నారు. 2021లో టీకా అన్నారు. మా వీధిలో ఒకావిడ ఆ మాట విని రెండో డోసుకు పోనేలేదు. ప్రకటన 13లో యోహాను రాసింది ఏమిటి? బుద్ధిగలవాడు ఆ సంఖ్యను లెక్కించమని. అంటే ఆ ఉత్తరం మొదట అందుకున్నవాళ్ళు లెక్కించుకోగలిగిందై ఉండాలి. ఇప్పటి టర్కీలో ఉన్న ఏడు ఊళ్ళ సంఘాలవి, చక్రవర్తికి ధూపం వేయమని ఒత్తిడి పడుతున్న రోజులు. రోమా చక్రవర్తి నీరో కైసరు పేరును హెబ్రీ అక్షరాల్లో రాసి కూడితే 666 వస్తుందని చాలామంది పండితులు చెబుతారు. కొన్ని పాత చేతిరాత ప్రతుల్లో 616 అని ఉంటుంది, అదే పేరును లాటిన్ పలుకుబడిలో రాస్తే ఆ లెక్కా సరిపోతుంది. ఇది ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు, ఉండనీయండి. కానీ ఆ ఏడు ఊళ్ళలో ఒకటైన మొదటి శతాబ్దపు స్ముర్నలో ఉన్న విశ్వాసికి బార్‌కోడ్ గురించి ఎందుకు రాస్తాడన్న ప్రశ్న ఏ వీడియోలోనూ నాకు వినబడలేదు.

తేదీలు కట్టడం మన కాలంలో పుట్టిన జబ్బు కూడా కాదు. అమెరికాలో విలియం మిల్లర్ అనే రైతు దానియేలు 8లోని 2,300 దినాలను సంవత్సరాలుగా లెక్కగట్టాడు. ఆయన వెంట నడిచినవాళ్ళు చివరికి 1844 అక్టోబరు 22 దగ్గర ఆగారు. కొందరు పంట కోయకుండా పొలంలోనే వదిలేశారు. ఆ రాత్రి గడిచిపోయింది. దాన్ని చరిత్రలో 'మహా ఆశాభంగం' అంటారు. కాలిఫోర్నియా రేడియో బోధకుడు హెరాల్డ్ క్యాంపింగ్ ముందు 1994 అన్నాడు, తర్వాత 2011 మే 21 అన్నాడు, అదీ పోయాక అక్టోబరు 21 అన్నాడు. ఆయన్ని ఒక్క విషయంలో మెచ్చుకోవాలి. 2012లో, తేదీ చెప్పడం పాపమేనని తానే ఒప్పుకున్నాడు. ఆ మాత్రం చెప్పినవాళ్ళు మన దగ్గర ఎంతమంది? అన్నిటికంటే నాకు నచ్చింది న్యూటన్ సంగతి. ఆపిల్ పండు న్యూటనే. ఆయన కూడా దానియేలు, ప్రకటన గ్రంథాల మీద ఏళ్ళ తరబడి కూర్చుని, 2060కి ముందు అంతం రాదని కాగితం మీద రాసుకున్నాడు. ఎందుకు రాస్తున్నాడో కూడా చెప్పుకున్నాడు: ఊరికే తేదీలు ఊహించేవాళ్ళ నోరు మూయించడానికట.

ఇంకో సంగతి. మొదట రహస్యంగా ఎత్తబడటం, తర్వాత ఏడేండ్ల శ్రమలు, ఆపైన క్రీస్తు వెయ్యేండ్ల పాలన అనే వరుస బైబిల్లో ఆ క్రమంలో ఒకేచోట రాసి ఉంటుందని నేను చాలా ఏళ్ళు అనుకున్నాను. అలా ఎక్కడా లేదు. వేరువేరు పుస్తకాల వచనాలను కలిపి ఆ వరుస కట్టింది ప్రధానంగా 1830ల్లో బ్రదరెన్ అనే క్రైస్తవ సహవాసపు బోధకుడు డార్బీ. 1909లో వచ్చిన స్కోఫీల్డ్ నోట్సు బైబిలు దాన్ని లోకమంతా తిప్పింది. మన గోదావరి డెల్టాకు 1836లో వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాలు కూడా ఆ బ్రదరెన్ సహవాసంవాళ్ళే. లూథరన్, సీఎస్ఐ, కతోలిక సంఘాల విశ్వాస ప్రమాణాల్లో ఆ ఏడేండ్ల లెక్క లేదు. ఆ వరుస తప్పని నేననను. అది ఒక వ్యాఖ్యానం. వ్యాఖ్యానాన్ని వాక్యమని నమ్మిస్తేనే నాకు కష్టం.

అయినా వీడియోలతో నా అసలు తగాదా ఇవేవీ కావు. కత్తెర. మత్తయి 24:6 చూడండి. యుద్ధాలను గూర్చి, యుద్ధ సమాచారాలను గూర్చి వింటారన్న ముక్క ప్రతి వీడియో ముఖచిత్రం మీదా ఎర్రక్షరాల్లో ఉంటుంది, వెనకాల మంటలు. అదే వచనంలో తర్వాతి మాట "మీరు కలవరపడకుండ చూచుకొనుడి". ఆ తర్వాతది, అంతము వెంటనే రాదని. టెన్షన్ పడొద్దని చెప్పిన వచనాన్నే టెన్షన్ పెట్టడానికి వాడుతున్నారు. మిగతా సగం చదవాలంటే వీడియో ఆపి పుస్తకం తీయాలి. వీడియోకేమో మనం ఆపకూడదు.

రెండోది ఏడాదిలో బైబిలంతా చదివే పట్టిక. ఈ దారి గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. 66 పుస్తకాలు, 1,189 అధ్యాయాలు. పెద్దవాళ్ళు చెప్పే లెక్క మామూలు రోజుల్లో మూడేసి, ఆదివారం అయిదు. అలా చదివితే డిసెంబరు చివరికి అయిపోతుంది. దీని మేలు డిసెంబరులోనే తెలుస్తుంది. నిర్గమకాండం, యెహెజ్కేలు, దానియేలు, జెకర్యా దాటి వచ్చినవాడికి ప్రకటన గ్రంథంలోని మిడతలు, గుర్రాలు, కొమ్ములు కొత్తవి కావు. ఐగుప్తు తెగుళ్ళే మళ్ళీ వస్తున్నాయని వాడికే తడుతుంది. ఎవరూ బాణం గుర్తులు గీసి చూపించక్కర్లేదు.

కానీ నేను మూడుసార్లు మొదలుపెట్టి ఒక్కసారే ముగించాను. జనవరి నెలాఖరుకు లేవీయకాండం వస్తుంది, కుష్ఠు పరీక్షల దగ్గర బండి ఆగుతుంది. వెనకబడ్డ రోజులు కలుపుకోవడానికి ఆఫీసు బస్సులో పన్నెండేసి అధ్యాయాలు లాగేసిన రోజులున్నాయి. టిక్కు పడింది. ఏం చదివావంటే చెప్పలేను. నమ్మకంగా ఉండటం కాస్తా లెక్క సరిచేసుకోవడం అయిపోయింది.

మూడోది, నలుగురు కూర్చుని ఒక్క పుస్తకం నిదానంగా చదవడం. మా ఇంట్లో గురువారం సాయంత్రం ఏడున్నరకు. అమ్మ, హార్డ్‌వేర్ షాపు నడిపే అన్నయ్య, వాడి కూతురు, పక్కింటి పిన్నిగారు, నేను. ఖర్చు అయిదు కప్పుల టీ. మత్తయి 24, 25 అధ్యాయాలకు మాకు ఏడు వారాలు పట్టింది. ఏడు వారాల్లో వీడియోలవాళ్ళు ఎన్ని యుద్ధాలు ముగిస్తారో!

మత్తయి 25లో దివిటీలు పట్టుకుని పెండ్లికుమారుడికి ఎదురెళ్ళిన పదిమంది కన్యకల కథ దగ్గర జరిగింది చెబుతాను. వాళ్ళలో అయిదుగురు బుద్ధిగలవాళ్ళు, అయిదుగురు బుద్ధిలేనివాళ్ళు. అమ్మ తన పెద్దక్షరాల బైబిల్లోంచి చదువుతోంది. దాని అట్ట ఊడిపోతే రబ్బరు బ్యాండు వేసి పెట్టుకుంది. "బుద్ధిగలవారు తమ దివిటీలతోకూడ సిద్దెలలో నూనె తీసికొనిపోయిరి." మా మేనకోడలు ఆపింది. "సిద్దె అంటే ఏంటి నాయనమ్మా?" దాని ఫోన్‌లోని సులువు అనువాదంలో ఆ మాట లేదు. అమ్మ చెప్పింది: "నూనె పోసుకునే తోలు బుడ్డి. మా తాతయ్య వాళ్ళింట్లో దూలానికి వేలాడేది. బయటికి నల్లగా జిడ్డోడుతూ ఉండేది, చూడ్డానికి ఏమీ బాగుండదు." పిల్ల కాసేపు ఆలోచించి, "అంటే దివిటీ అందరికీ కనబడుతుంది, సిద్దె ఎవరికీ కనబడదు కదా" అంది.

తర్వాతి వచనం దగ్గర అన్నయ్య ఉలిక్కిపడ్డాడు. పెండ్లికుమారుడు ఆలస్యం చేస్తే అందరూ కునికి నిద్రపోయారని ఉంది. అందరూ అంటే బుద్ధిగలవాళ్ళు కూడా. "మరి మెలకువగా ఉండుడి అంటే కళ్ళు మూయకుండా వార్తలు చూస్తూ కూర్చోవడం అనుకున్నానే ఇన్నాళ్ళూ" అన్నాడు. వీడికి రాత్రి పన్నెండు దాకా ఇశ్రాయేలు వార్తలు చూసే అలవాటు. ఇద్దరికీ తేడా నిద్రలో లేదు, నూనెలో ఉంది. ఆ వారం మేం ముందుకు కదల్లేదు, ఆ ఒక్క వచనం దగ్గరే టీ చల్లారిపోయింది.

నాకు తూకం అక్కడే తేలింది. అంత్యదినాల గురించి రాసిన చోట్లన్నీ వరసగా చదివితే, ఆనవాళ్ళు తక్కువ, నడవడిక ఎక్కువ. మత్తయి 25 సగానికొచ్చేసరికి అప్పగించిన సొమ్ము, ఆ తలాంతులు ఏం చేశావు, ఆకలిగొన్నవాడికి పెట్టావా అన్న ప్రశ్నలే. ప్రభువు దినం వచ్చేసిందని థెస్సలొనీకలో కొందరు హడావుడి పడితే పౌలు వాళ్ళకు కొత్త లెక్కేమీ పంపలేదు. పని చేయనొల్లనివాడు భోజనం చేయకూడదని కూడా రాశాడు. వీడియోల్లో ఈ వచనం ఎందుకు రాదో నాకు ఎప్పటికీ అర్థం కాదు. కాదు, అర్థమవుతుంది.

మూడో దారిలోనూ గుంటలున్నాయి. గొంతు పెద్దదున్నవాడు చెప్పిందే అర్థమైపోతుంది. మా ఇంట్లో అది అన్నయ్య. ఒకసారి వెయ్యేండ్ల దగ్గర నేనూ వాడూ పట్టు పట్టి రెండు వారాలు సరిగా మాట్లాడుకోలేదు. అదీగాక నలుగురం కలిసి తప్పు అర్థం చేసుకునే వీలూ ఉంది. పౌలు పత్రికల్లో కష్టమైన సంగతులున్నాయని పేతురంతటివాడే రాశాడు. అందుకే తేలనివి ఒక నోటుబుక్కులో రాసి నెలకోసారి పాస్టరు గారిని అడుగుతాం. ఆయన చెప్పిందీ మళ్ళీ తీసి చూస్తాం. బెరయలోవాళ్ళు పౌలు చెప్పిందే ప్రతిదినం లేఖనాలతో సరిచూసుకున్నారు, దానికే ఘనులని పేరు తెచ్చుకున్నారు. మా పాస్టరు గారు ఇంకా అలవాటు పడుతున్నారు.

కాబట్టి ఎవరైనా నన్ను అడిగితే, ముందు నలుగురిని పోగేసుకోమంటాను. పాత నిబంధన ఎప్పుడూ మొదటి నుంచి చివరిదాకా చదవనివాళ్ళయితే ఒక్కసారి పట్టిక పట్టమంటాను, ఏడాది కాకపోతే రెండేళ్ళు పట్టనీయండి, లేవీయకాండం ఎటూ పారిపోదు. వీడియోలు చూడొద్దని అంటే వినేవాళ్ళెవరు? నేనే చూస్తాను. ఇప్పుడు ఒక షరతు పెట్టుకున్నాను: అందులో చూపించిన వచనం ఉన్న అధ్యాయం మొత్తం ముందు చదివాకే చూడటం. దాంతో నా చూడటం వారానికి ఒకటికి పడిపోయింది, అంతకుమించి ఓపిక ఉండటం లేదు. తేదీ చెప్పినవాళ్ళను మాత్రం ఆ క్షణమే మూసేస్తాను. ఆ దినము, ఆ గడియ కుమారుడు కూడా ఎరుగడని మత్తయి 24:36లో ఉన్నాక, నాకు తెలుసు అనేవాడితో ఇంక మాటేముంది?

ఈ నెల మేం ప్రకటన గ్రంథం మొదలుపెట్టాం. 22 అధ్యాయాలు, మా నడకకు ఏడాది పడుతుందేమో. ఏడు సంఘాల ఉత్తరాల్లో "జయించువాడు" అన్న మాట ఏడుసార్లూ వస్తోందని మేనకోడలు పెన్సిలుతో గీసుకుంది. చిన్నత్త కూడా వీడియో కాల్‌లో చేరింది. ఆవిడ మొహం కంటే ఇంటి సీలింగ్ ఫ్యానే మాకు ఎక్కువ కనబడుతుంది. మొన్న ఫోన్ చేసి, "అమ్మాయ్, ఎఫెసు సంఘపు ఉత్తరంలో ఆ నీకొలాయితులు ఎవరే?" అంది. సరిగ్గా ఎవరికీ తెలియదత్తా, పండితులకే తలోమాట అన్నాను. "ఎవరికీ తెలియకపోతే మరి నాకొచ్చిన వీడియోలో వాళ్ళు ఫలానా సంఘంవాళ్ళే అని అంత గట్టిగా చెబుతున్నాడేంటి?" అని కాసేపు ఆగింది. "సర్లే, గురువారం చూద్దాం. ఆ రోజు నాకు వాయిదా కట్టే పనుంది, ఎనిమిదింటికి మొదలుపెట్టండి" అని పెట్టేసింది.