జాగ్రత్త: 24 వోల్టుల ఆర్మీ లారీకి కొత్త మీటర్లు బిగిస్తామంటే

వేలంలో పాత ఆర్మీ లారీ కొనుక్కుని, మనకు కావలసినట్టు బాడీ కట్టించుకుంటున్నవాళ్లు విశాఖలో కొంతమంది ఉన్నారు. డాష్‌బోర్డులో కొత్త మీటర్లు పెట్టించే ఆలోచన ఉంటే, డబ్బు చేతికి ఇచ్చే ముందు ఇది చదవండి. గాజువాక వైపు ఒక షాపులో మా స్టాలియన్‌కి (అశోక్ లేలాండ్ చేసే ఆర్మీ లారీ) డీజిల్, ఆయిల్ ప్రెషర్, వాటర్ టెంపరేచర్, వోల్ట్ మీటర్లు నాలుగూ బిగించి రూ. 38,000 తీసుకున్నారు. చూడ్డానికి పనితనం బాగుంది. నల్ల ప్లేటు, వరసగా నాలుగు గుండ్రటి మీటర్లు, రాత్రి లైటు వేస్తే ముచ్చటగా ఉంటుంది. కానీ నాలుగింటిలో ఒక్కటీ నిజం చెప్పలేదు.

ముందు డీజిల్ మీటరు దొరికిపోయింది. ఎన్‌ఏడీ దగ్గర బంకులో ట్యాంకు నిండుతుంటే ముల్లు కిందికి జారుతోంది. ఫుల్ అయ్యేసరికి ఖాళీ గీత మీద కూర్చుంది. "ఇదేటి సార్, రివర్సులో తిరుగుతోంది" అన్నాడు బంకు కుర్రాడు. కారణం చిన్నదే. సెన్సర్లలో ఎక్కువగా దొరికేవి రెండు రకాలు. అమెరికా రకానికి ట్యాంకు ఖాళీ అయితే రెసిస్టెన్స్ (కరెంటుకి అడ్డు) 240 ఓములు, నిండితే 33. యూరప్ రకానికి ఖాళీకి 10, నిండుకు 180. ఒక రకం సెన్సరుకి రెండో రకం మీటరు కలిపితే ముల్లు తలకిందులుగానే తిరుగుతుంది.

డీజిల్ అయితే పోనీలే అనుకోవచ్చు, కర్ర ముంచి చూసుకుంటాం. ఆయిల్ ప్రెషర్ మీటరుకీ ఇదే కలగాపులగం చేశారు. ఇంజను స్టార్ట్ చేయకుండా తాళం ఒక్కటే తిప్పితే, ప్రెషర్ సున్నా ఉండాల్సిన చోట ముల్లు ఆ చివరికి పోయి నిలబడింది. అంటే రోడ్డు మీద ఆయిలంతా కారిపోయినా ఈ మీటరు ప్రెషర్ దండిగా ఉందనే చూపిస్తుంది. పైగా కంపెనీ సెన్సరు పీకేసి, దాని చోట కొత్తది పెట్టారు. దాంతో వార్నింగ్ లైటు కూడా పోయింది. T ఆకారంలో ఉండే ఒక పైపు ముక్క వేసి ఉంటే రెండు సెన్సర్లూ అక్కడే ఉండేవి. రెండొందల రూపాయల సామానుకి కక్కుర్తిపడి ఇంజను ప్రాణం మీదికి తెచ్చారు.

టెంపరేచర్ మీటరు సంగతి అరకు ఘాట్‌లో తెలిసింది. ఎస్.కోట దాటి ఎక్కుతున్నాం, టైడా దగ్గరికి వచ్చేసరికి బానెట్ వైపు నుంచి ఆవిరి. మీటరు మాత్రం 70 దాటలేదు. బండి పక్కకు తీసి, చల్లారాక తమ్ముడు ఆ సెన్సరు విప్పాడు. థ్రెడ్డు కనపడకుండా టెఫ్లాన్ టేపు చుట్టేశారు. ఒకే వైరు ఉన్న సెన్సరుకి ఎర్త్ అందేది ఆ థ్రెడ్డు ద్వారానే. వేడి పెరిగేకొద్దీ ఈ సెన్సరు రెసిస్టెన్స్ తగ్గాలి. టేపు వల్ల ఎర్త్ సరిగా అందక రెసిస్టెన్స్ ఎక్కువగా కనిపిస్తే, ఇంజను ఉడికిపోతున్నా మీటరు చల్లగా ఉందనే చూపిస్తుంది. మన సముద్రపు గాలికి ఎర్త్ పాయింట్లు ఎలాగూ చిలుము పడతాయి, దానికి ఇది తోడు.

ఇక వోల్ట్ మీటరు. స్టాలియన్‌ది 24 వోల్టులు, రెండు 12 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో ఉంటాయి. షాపువాళ్ల దగ్గర ఉన్నవి 12 వోల్టుల మీటర్లు. అందుకని రెండు బ్యాటరీల మధ్య నుంచి ఒక వైరు లాగి మీటర్లకిచ్చారు. మ్యూజిక్ సిస్టమ్, ఫోన్ ఛార్జర్లు కూడా అక్కడికే తగిలించారు. "మధ్యలోంచి తీస్తే పన్నెండు వచ్చేస్తాది సార్, అందరం ఇలాగే చేస్తాం" అన్నారు. వస్తుంది నిజమే. కానీ ఆ భారమంతా ఒక్క బ్యాటరీ మీదే పడుతుంది. ఆల్టర్నేటర్ రెండింటికీ కలిపి 28 వోల్టుల దాకా ఇస్తుంది కాబట్టి వాడకం ఉన్న బ్యాటరీకి ఛార్జి చాలదు, రెండోదానికి ఎక్కువైపోతుంది. మాకు ఒకటి పూర్తిగా దిగిపోయింది, రెండోదాంట్లో నీళ్లు మరిగి ప్లేట్లు బయటపడ్డాయి. వోల్ట్ మీటరు చూపించేది ఒక్క బ్యాటరీనే కనుక రెండోదాని గతి ముందుగా తెలిసే దారే లేదు. 24 వోల్టుల మీటర్లు దొరుకుతాయి, అవి లేకపోతే 24 నుంచి 12కి దించే కన్వర్టర్ పెట్టాలి.

అన్నిటికన్నా నాకు వణుకు పుట్టించింది ఆ ఎర్ర వైరు. బ్యాటరీ నుంచి క్యాబిన్‌లోకి వచ్చే దారిలో ఎక్కడా ఫ్యూజు లేదు. రేకుకి కన్నం పొడిచి, రబ్బరు బుష్ వేయకుండా వైరు దూర్చేశారు. రేకు అంచు ఒరుసుకుని తొడుగు చీలి, లోపలి రాగి మెరుస్తూ కనిపించింది. అది రేకుకి తగిలితే ఆర్పేలోపు క్యాబిన్ అంటుకుంటుంది. వెనక పిల్లలు పడుకునే బెర్తులున్న బండి అది.

తిరిగి షాపుకెళ్తే "ఆర్మీ బండంటే ఊగుతాది, మీటర్లు అలాగే ఉంటాయి" అన్నారు. డబ్బు వెనక్కివ్వలేదు. బిల్లు పేరుతో ఇచ్చిన చీటీలో "మీటర్ల పని" అని తప్ప ఇంకేమీ లేదు. ఇదే షాపు బండికి ఆర్మీ పచ్చ రంగు కూడా వేస్తామంది. సైన్యం బండ్లకు తప్ప ఆ ఆలివ్ గ్రీన్ వేయకూడదని 1989 మోటారు వాహనాల నిబంధనల్లో 121వ నిబంధనే ఉంది. ఆ మాటకి అస్సలు ఒప్పుకోకండి.

మీటరు, సెన్సరు ఒకే కంపెనీవి, ఒకే రకానివి అయి ఉండాలి. వోల్టులు, పార్టు నంబర్లు బిల్లులో విడివిడిగా రాయించుకోండి. బండి తీసుకునే ముందు తాళం మాత్రమే తిప్పి ఆయిల్ ముల్లు సున్నా మీద ఉందో లేదో చూడండి. ఇంజను వేడెక్కాక థర్మోస్టాట్ దగ్గర ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు పెట్టి టెంపరేచర్ మీటరుతో పోల్చండి. అది షాపులో లేకపోతే మీరే పట్టుకెళ్లండి. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలో ఉండాలి, మీటర్ల వరకైతే 5 ఆంపియర్లు చాలు. నాలాగే ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు. నేను చేశాను. చీటీ, ఆ వైరు ఫొటోలు జతచేసి జిల్లా వినియోగదారుల కమిషన్‌కి ఫిర్యాదు సిద్ధం చేస్తున్నాను.